గుడ్డు ఎవరిది? చదవడం నేర్చుకుంటున్న పెద్దలతో గ్రంథాలయంలో పుస్తక చర్చ నడపడం ఎలా

నేను మొదటిసారి పెట్టిన చర్చా బృందం మూడు వారాల్లో మూతపడింది. తప్పు నాదే. బొమ్మలుంటాయి, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, మాటలు తేలిక అనుకుని కుందేలు, తాబేలు ఉన్న పిల్లల పుస్తకాలు పట్టుకెళ్లాను. ఒకావిడ తన చేతిలోది అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా మనవడికిస్తాను" అని సంచిలో పెట్టుకుంది. మరుసటి వారం మనవడు వచ్చాడు, ఆవిడ రాలేదు.

పిల్లలకు లోకం తెలియదు, భాష కూడా ఇంకా వస్తూ ఉంటుంది. పెద్దలకు ఆ రెండూ వచ్చు, రానిది అక్షరమొక్కటే. పొలం గట్టు తగాదా తీర్చగలిగిన మనిషి, పొదుపు సంఘంలో లెక్క తేడా వస్తే నోటితోనే పట్టుకోగలిగిన మనిషి, మన ముందు కూర్చుని "క" గుణింతం దగ్గర తడబడుతుంది. రాత్రి బడిలో ముందు అక్షరాలు, తర్వాత ఒత్తులు, ఎప్పటికో కథ వస్తాయి. చర్చా బృందంలో ఈ వరుస తలకిందులు కావాలి. ముందు మాట్లాడుకునేంత విషయం దొరకాలి, ఆ మాటల కోసమే కాగితం వైపు చూడాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క సంగతిని ఆచరణలో పెట్టడం గురించే.

ఇది అక్షరాలు నేర్పే తరగతికి బదులు కాదు. అక్షరాలు ఎంతో కొంత వచ్చినవారు, కూడబలుక్కుని చదివేవారు, సంతకం దాకా వచ్చి ఆగిపోయినవారు దీనికి తగినవారు. జనాభా లెక్కల్లో అక్షరాస్యులంటే ఏడేళ్లు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు. ఆ "అర్థం చేసుకుంటూ" అన్న మాట దగ్గరే మన పని మొదలవుతుంది. మీ ఊళ్లో కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమం కింద వయోజనులకు చదువు చెప్పే స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటే వారిని కలవండి. వాచకం పూర్తిచేసి తర్వాత ఏం చదవాలో తోచనివాళ్లు అక్కడే దొరుకుతారు.

మొదటి పని: లైబ్రేరియన్‌తో వేళ కుదుర్చుకోవడం

శాఖా గ్రంథాలయాలు చాలావరకు ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటాయి. పొద్దున్నంతా దినపత్రికల బల్ల దగ్గర మగవాళ్లు నిండి ఉంటారు. సాయంత్రం పోటీ పరీక్షలకు చదివే కుర్రవాళ్లు వస్తారు. ఈ ఇద్దరి మధ్య ఒక నడివయసు మనిషి వేలు పెట్టి అక్షరం అక్షరం చదవడానికి కూర్చుంటుందా? కూర్చోదు. మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర వరకు ఒక గంట తలుపు తీసి ఉంచగలరేమో అడగండి. లేదా శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తాళం ఇవ్వగలరేమో కనుక్కోండి. అది వీలుకాకపోతే పిల్లల విభాగం మూల అయినా చాలు, అటువైపు ఎవరూ రారు. లైబ్రేరియన్‌ను మీ పని కోసం బతిమాలుతున్నట్టు అడగకండి. చదివేవాళ్లు పెరిగితే ఆయన రిజిస్టరులో సభ్యుల సంఖ్యా పెరుగుతుంది.

మొదటి రోజు వచ్చినవారికి ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. నేను ఈ మాట చెప్పినప్పుడు ఒక అక్క గోడల వైపు, బీరువాల వైపు కాసేపు చూసి, "ఇన్నేళ్లూ కడుతూనే ఉన్నాం, లోపలికి మాత్రం ఇవాళే వచ్చాం" అంది. ఆ రోజు నుంచి ఆవిడ గుమ్మం దగ్గర ఆగడం మానేసింది.

రెండో పని: పిలవడం

కరపత్రం వేయకండి. చదవలేనివారికి కరపత్రమా అని నవ్వకండి, ఆ పని నేనూ చేశాను. పొదుపు సంఘం సమావేశానికి వెళ్లి నోటితో చెప్పండి. అక్కడ కూడా "చదువు రానివాళ్లు రండి" అనకండి, ఒక్కరూ కదలరు. "శుక్రవారం మధ్యాహ్నం గ్రంథాలయంలో ఒక కథ చదివి వినిపిస్తాను, దాని మీద మీరు తీర్పు చెప్పాలి" అనండి. తీర్పు చెప్పాలంటే వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎనిమిది మంది చాలు. పన్నెండు దాటితే సగం మందికి నోరు తెరిచే వంతు రాదు.

మగవాళ్ల సంగతి వేరు. చదవడం రాదన్న విషయాన్ని వాళ్లు ఏళ్ల తరబడి దాచుకుంటారు. కాగితం చేతికిస్తే "కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను" అంటారు. ఆ మాటను నమ్మినట్టే ఉండండి, "అయితే నేను చదువుతాను, మీరు వినండి" అనండి. ఆడవాళ్ల బృందంలో వాళ్లను కలపకండి. వీలైతే వాళ్లకు రాత్రి భోజనాల తర్వాత వేరే రోజు పెట్టండి.

ఇక నిజంగానే కళ్లజోడు అవసరమైనవారు ఉంటారు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. చత్వారం అన్న పేరే నలభై నుంచి వచ్చింది. నేను మందబుద్ధి అనుకున్న ఒక మనిషికి అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయని మూడో నెలలో తెలిసింది. ఆ నెలల గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను. మొదటి వారంలోనే ప్రతి ఒక్కరి చేతా కాగితాన్ని జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి పట్టించి చూడండి. ఎక్కడ పెట్టినా కళ్లు చికిలిస్తుంటే అక్షరాల కన్నా ముందు కంటి పరీక్ష.

మూడో పని: ఏం చదవాలో ఎంచుకోవడం

సగం శ్రమ ఇక్కడే పెట్టండి. కథ ఎంచుకునేటప్పుడు ఒక్క పరీక్ష చాలు: ఇది విన్నాక ఇద్దరు మనుషులు రెండు రకాలుగా మాట్లాడతారా? అందరూ తలూపి ఊరుకునే నీతికథ పనికిరాదు. అబద్ధమాడకూడదు, కష్టపడి పనిచేయాలి వంటివి పెద్దలకు కొత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. పరిశుభ్రత పాఠాలంటే నాకు మరీ చిరాకు. రోజూ రెండు పూటలా అంట్లు తోమే మనిషికి గిన్నెలు ఎలా కడుక్కోవాలో చెప్పే పాఠం పెట్టినవారికి దండం పెట్టాలి.

కాగితం మీది కథ తమదైతే పెద్దలు దాన్ని ఎంత దూరం తీసుకెళతారో నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి కేంద్రాల్లో చదివిన వాచకంలో సారా గురించిన పాఠం ఉంది, దాన్ని సీతమ్మ కథ అని చెప్పుకుంటారు. దూబగుంటలో ఆడవాళ్లు ఆ కథలో తమ ఇళ్లనే చూసుకున్నారు. చర్చ పాఠం దగ్గర ఆగలేదు. ఊళ్లో సారా దుకాణం మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు, అది పక్క ఊళ్లకూ పక్క జిల్లాలకూ పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. మీ బృందం ఇలాంటిదేదో చేయాలని నేను అనడం లేదు, మీరూ ఆశించకండి. ఆ వాచకం రాసినవారికి ఎదుటివాళ్ల గుండెల్లో ఏముందో తెలుసు. మీరు కథ వెతికేటప్పుడు కావాల్సింది ఆ తెలివిడే.

అచ్చులో అలాంటివి ఎక్కడ దొరుకుతాయి? ఇదివరకటి వయోజన విద్యా కార్యక్రమం సాక్షర భారత్ కాలం నాటి వాచకాలు, అనుబంధ పుస్తకాలు ఇంకా కొన్ని గ్రంథాలయాల బీరువాల అడుగున ఉన్నాయి. దుమ్ము దులిపి చూడండి, పనికొచ్చేవి నాలుగైదైనా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు నుంచి తెలుగు కథలను ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. మూలం ఎవరిదో చెబితే వాక్యాలు మార్చుకోవచ్చు కూడా. అవి పిల్లల కథలే. కానీ మనవడికి చదివి వినిపించాలన్న కోరికతో వచ్చే నాయనమ్మలు ఉంటారు. వారికి పిల్లల పుస్తకం ఇస్తే అవమానం కాదు, అడిగిందే ఇచ్చినట్టు. అందుకే ముందు అడగండి.

ఊళ్లో దొరికే కాగితాలను కూడా తక్కువగా చూడకండి. నాకు బాగా పనికొచ్చింది పెళ్లి శుభలేఖ. దాని నడక అందరికీ తెలుసు: పైన దేవుడి పేరు, తర్వాత పిలిచేవారి పేర్లు, ముహూర్తం, వేదిక, విందు. "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" వంటి గడ్డు మాటలు కూడా ఎక్కడ ఉంటాయో ముందే తెలుసు కాబట్టి గుర్తుపడతారు. అందరికీ ఒక్కో శుభలేఖ ఇచ్చి, "ఇందులో ఎవరి పేరు ముందుంది? ఎవరి పేరు లేదు?" అని అడగండి. గంట సరిపోదు. కరెంటు బిల్లు, సంఘం పాస్ పుస్తకం కూడా ఇలాగే పనికొస్తాయి. దినపత్రిక మాత్రం ఆరు నెలలు ఆగాక తెరవండి. శీర్షికల్లో అక్షరాలు పెద్దవే అయినా మాటలు సమాసాలతో బిగిసిపోయి ఉంటాయి, సందర్భం తెలియకపోతే చదువు వచ్చినవారికే అర్థం కావు.

ఏదీ దొరక్కపోతే మీరే రాయండి. నేను రాసుకున్నదొకటి ఇక్కడ ఇస్తున్నాను, వాడుకోండి.

"కమల కోడి రోజూ రాధ గడ్డివాములో గుడ్డు పెడుతోంది. రాధ ఆ గుడ్డు తీసి దాచింది. పది గుడ్లు అయ్యాయి. రాధ వాటిని తన కోడి కింద పెట్టింది. ఏడు పిల్లలు అయ్యాయి. కమల వచ్చి చూసింది. 'గుడ్డు నా కోడిది. పిల్లలు నావి' అంది. 'వాము నాది. పొదిగిన కోడి నాది. మేత నాది. పిల్లలు నావి' అంది రాధ."

చూడండి, ఇందులో "గుడ్డు", "కోడి", "పిల్లలు", "నాది" మళ్లీ మళ్లీ వస్తాయి. కావాలనే అలా రాశాను. మూడోసారి కనిపించేసరికి ఆ మాటను అక్షరాలుగా విడదీయకుండా మొత్తంగా గుర్తుపడతారు. "కమల", "రాధ" పేర్లు పెట్టింది కూడా అందుకే, వాటిలో ఒత్తులు లేవు. తీర్పు రాయలేదు. తీర్పు వాళ్లు చెప్పాలి.

నాలుగో పని: కాగితం సిద్ధం చేయడం

అక్షరాలు మామూలు పుస్తకంలో కన్నా కనీసం ఒకటిన్నర రెట్లు పెద్దవిగా ఉండాలి. కంప్యూటర్‌లో అయితే 20 పాయింట్ల సైజు. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళతాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదలండి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస దీర్ఘానికి తగులుతుంది. ఒక వాక్యం ఒకే వరుసలో పూర్తవ్వాలి, మాట మధ్యలో విరగకూడదు. ముద్దుగా ఉందని వంకర అక్షరాల ఫాంటు వాడకండి. వ, మ, ప, ష మామూలుగానే తికమక పెడతాయి, బ-భ, డ-ఢ ఇంకా ఎక్కువ. కొత్త కథలో మొదట్లో భ, ఢ వంటి మహాప్రాణాలున్న మాటలు నాలుగైదు మించకుండా చూసుకోండి. ఇంతకన్నా కొలతలు అక్కర్లేదు.

ఐదో పని: ఆ గంట నడపడం

కుర్చీలు తీసేసి చాపలు వేయండి. బల్లకు అటువైపు మీరు, ఇటువైపు వాళ్లు కూర్చుంటే అది బడి అయిపోతుంది. మీకు ఇరవై రెండేళ్లే ఉండవచ్చు, వాళ్లకు యాభై. "మీరు" అనండి, అమ్మా, అక్కా, పెద్దమ్మా, బాబాయి అని ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. చాక్‌పీసు చేతికి రాగానే "నువ్వు" అని జారిపోయేవారిని చాలామందిని చూశాను. అలా జారిన వారం హాజరు తగ్గుతుంది.

మొదటి పది నిమిషాలు కాగితం తీయకండి. "మీ కోడి పక్కింట్లో గుడ్డు పెట్టిందా ఎప్పుడైనా?" అని అడగండి. ఒకరు మొదలుపెడితే చాలు. తర్వాత మీరు కథ మొత్తం ఒకసారి మామూలు వేగంతో, గొంతు మార్చి మరీ చదివి వినిపించండి. వాళ్ల చేతుల్లో కాగితాలు ఉంటాయి, చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. అప్పుడు ఒక్కటే ప్రశ్న వేయండి: పిల్లలు ఎవరివి?

ఇక మీరు నోరు మూసుకోవాలి. అన్నిటిలో కష్టమైన పని ఇదే. కమల వైపు కొందరు, రాధ వైపు కొందరు చేరతారు. "గుడ్డు తెచ్చివ్వకుండా దాచడం దొంగతనం కాదా" అని ఒకరు, "కోడిని కట్టుకోలేనిది కమల తప్పు" అని ఇంకొకరు అంటారు. గొంతులు పెరుగుతాయి, పెరగనివ్వండి. వాదం బాగా రాజుకున్నాక ఒక్క మాట వేయండి: "మేత రాధ పెట్టిందని కథలో ఉందా? ఎక్కడ ఉంది?" అప్పుడు తలలు కాగితం మీదికి వంగుతాయి. వేళ్లు వరుసల వెంట పాకుతాయి. "ఇదిగో, మేత నాది అంది" అని ఎవరో వేలు పెట్టి చూపిస్తారు. ఆ క్షణంలో ఆ మనిషి చదివింది. మీరు చదవమన్నందుకు కాదు, తన మాట నెగ్గించుకోవడానికి. చర్చా బృందం పెట్టడంలో కీలకమంతా ఇక్కడే ఉంది కాబట్టి ప్రతి కథకూ ఇలాంటి "ఎక్కడ ఉంది?" ప్రశ్నలు మూడు ముందే రాసుకుని వెళ్లండి.

చివరి పావుగంటలో అందరూ కలిసి గొంతెత్తి చదవండి. ఒంటరిగా ఎవరినీ చదవమనకండి. చదువుతానని తానే అన్న మనిషి వేరు, ఆవిడను చదవనివ్వండి. ఒక మాట దగ్గర ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే ఆ మాట మీరే మెల్లగా అందించి ముందుకు సాగండి. అక్షరాలు విడదీసి వివరించే పని ఆ సమయంలో వద్దు. పుస్తకంలో "వెళ్లాడు" అని ఉంటే ఆవిడ తన ఇంటి యాసలో అదే అర్థం వచ్చే మాట చదివిందనుకోండి, దిద్దకండి. అక్షరాన్ని చూసి అర్థం పట్టుకుని దాన్ని తన భాషలో పలికింది. ఆ మనిషికి చదువు వస్తోందనడానికి అంతకన్నా మంచి గుర్తు నేను చూడలేదు.

లేచే ముందు ప్రతివారూ కథలోంచి తమకు కావలసిన ఒక్క మాట ఎంచుకుని చీటీ మీద రాసుకుని తీసుకెళ్లాలి. ఒకావిడ వరుసగా మూడు వారాలు "నాది" అన్న మాటే రాసుకుంది. నేను కారణం అడగలేదు.

తగిలే చిక్కులు

బాగా చదవగలిగిన ఒకరు ఎప్పుడూ అందరికన్నా ముందు జవాబు చెప్పేస్తారు. ఆవిడను తప్పించకండి, నొచ్చుకుంటుంది. ఎవరు ఏ వైపో లెక్క రాసే పని అప్పగించండి. రాస్తూ ఉంటే నోరు కాస్త ఆగుతుంది. సాయం చేస్తామని వచ్చే చదువుకున్నవాళ్లతో చిక్కు ఇంకా పెద్దది. ఒక వారం ఒక పెద్దమనిషి వచ్చి చదువు విలువ మీద నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన వెళ్లాక ఒక అక్క అడిగింది: "కథ ఇవాళ లేదా?" అప్పటి నుంచి అతిథులకు నాదొకటే షరతు: చాప మీద కూర్చోవాలి, తమ వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి.

ఫొటోలు తీయకండి. పలక పట్టుకున్న అమ్మ ఫొటో వాట్సాప్‌లో తిరిగితే కోడలు చూస్తుంది, వియ్యాలవారు చూస్తారు. ఆ మనిషి మళ్లీ రాదు. హాజరు పట్టీ కూడా సంతకం చేయాలన్న సరదా ఉన్నవారికే ఇవ్వండి.

నాట్ల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో, మిర్చి కోతల్లో ఎవరూ రారు. ఇద్దరే వచ్చారని దిగులు పడేకన్నా ముందే సెలవు ప్రకటించి, మళ్లీ ఏ శుక్రవారం మొదలవుతుందో చెప్పి, ఆ తేదీని చీటీ మీద వాళ్ల చేతే రాయించి పంపండి. దాన్ని గోడకు అంటించుకున్నవాళ్లు ఉన్నారు.

ఆరో పని: వాళ్ల పుస్తకం

నాలుగైదు నెలలు గడిచాక కథలు వాళ్లను చెప్పమనండి. ఒకరు చెబుతుంటే మీరు ఆ మాటలనే రాయండి. మెరుగులు దిద్దకండి, గ్రాంథికం చేయకండి. చెప్పిన మనిషి కళ్ల ముందే రాసి, అక్కడికక్కడే చదివి వినిపించండి. తన నోటి మాట కాగితం మీద ఉన్నప్పుడు తర్వాతి మాట ఏమిటో ఆవిడకు ముందే తెలుసు. అందుకే తడబడకుండా చదువుతుంది. ఒకావిడ బావి తవ్వించినప్పటి సంగతి చెప్పింది. రాసింది పదకొండు వాక్యాలే, కానీ వాటిని ఆ నెలంతా రోజూ చదువుకుందట.

అలాంటివి పదీ పన్నెండూ పోగయ్యాక శుభ్రంగా రాయించి, దారంతో కుట్టి, అట్ట వేయండి. లైబ్రేరియన్ ఒప్పుకుంటే దానికో నంబరు వేసి బీరువాలో పెట్టమనండి. మాకు ఒప్పుకున్నారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కాబట్టి ఆ రోజుల్లో అడిగితే కాదనడం ఆయనకూ కష్టం. అదే సమయంలో సభ్యత్వ కార్డులు కూడా తీయించండి. డిపాజిట్ ఎంతో కనుక్కుని, ఒకేసారి కట్టలేనివారికి పొదుపు సంఘం నుంచి సర్దమనండి.

కార్డు చేతికొచ్చాక కొందరు బృందానికి రావడం మానేస్తారు. వెతుక్కుంటూ వాళ్ల ఇంటికి వెళ్లకండి. ముందు పుస్తకాలిచ్చే రిజిస్టరు చూడండి, అందులో వాళ్ల సంతకం ఉంటే సరే. మిగిలినవారితో వచ్చే శుక్రవారానికి కథ సిద్ధం చేసుకోండి. ఇంతకీ గుడ్డు సంగతి: మా బృందంలో రెండు వారాల వాదన తర్వాత నాలుగు పిల్లలు రాధకు, మూడు కమలకు అని తేలింది. ఒకావిడ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.